పేరు లేని ముఖాలు

1868-75 మధ్య ఎనిమిది సంపుటాలుగా వచ్చిన 'ది పీపుల్ ఆఫ్ ఇండియా'లో ఆదివాసుల ఫోటోలు ఎన్నో ఉన్నాయి. చాలావాటి కింద తెగ పేరే ఉంటుంది, మనిషి పేరు ఉండదు. ఆనాటి గాజు పలక కెమెరా ముందు కొన్ని సెకన్లు కదలకుండా ఉండాలి. ఆ బిగుసుకున్న ముఖాలు చూసి మొరటు జాతి అనుకుంటే ఎలా?

1940లలో హైమన్‌డార్ఫ్ మన గోండు, చెంచు గూడేల్లో ఉండి తీసినవి వేరు. మనుషులు పనిలో, పండగలో కనిపిస్తారు. నాకవి ఇష్టం. అయినా ఆయన నిజాం సర్కారు సలహాదారు కూడా. అది మరవకుండానే చూస్తాను.

అవిప్పుడు లండన్‌లో సోయాస్ దగ్గరున్నాయి, ఇంటర్నెట్‌లోనూ దొరుకుతాయి. ప్రింటు తీసి గూడెం పెద్దల చేతికివ్వండి. "ఈమె మా పెద్దమ్మ" అని ఎవరైనా అంటే ఆ పేరు వెనకాల పెన్సిలుతో రాయండి. ఆ పెద్దలు ఉండగానే.