రూకకు భోజనం: సురవరం చదివిన తీరు

పుస్తకాలు చదివి పుస్తకం రాసినవాళ్ళు మనకు చాలామందే ఉన్నారు. చదివిన గ్రంథం తాను చెప్పాలనుకోని సంగతిని కూడా దానిచేత చెప్పించి, దాన్ని ఎక్కడ పెడితే పాఠకుడికి పనికొస్తుందో ఎరిగి రాసినవాళ్ళు కొద్దిమందే. ఆ కొద్దిమందిలో సురవరం ప్రతాపరెడ్డిది ముందు వరస. ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1949లో వచ్చింది. 1955లో సాహిత్య అకాడెమీ మొట్టమొదటిసారి పురస్కారాలు ఇచ్చినప్పుడు తెలుగులో దక్కింది ఈ పుస్తకానికే. అప్పటికి ఆయన కన్నుమూసి రెండేళ్ళు. ఆ పుస్తకాన్ని ఇప్పటికీ విషయం కోసం చదివేవాళ్ళున్నారు. పరిశోధన మొదలుపెట్టి, ముందు కుప్పపోసుకున్న నోట్సులో దారి తోచక కూర్చున్న విద్యార్థులు దాన్ని పనితనం కోసం కూడా చదవాలి.

ఆయన ఎత్తుకున్న పని మామూలుది కాదు. రాజుల యుద్ధాలు, వంశవృక్షాలు పక్కన పెట్టి మామూలు జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, ఏ దేవుళ్ళకు మొక్కారు అన్నది రాయాలి. రాజులకైతే శాసనాలున్నాయి. కుమ్మరికీ పూటకూళ్ళమ్మకీ ఏమున్నాయి? కావ్యాలను ఆశ్రయించక తప్పదు. కావ్యాలతో చిక్కేమిటంటే, వాటిలో సగం వర్ణన ఆనవాయితీ కొద్దీ వచ్చేది. ఏ పట్టణమైనా మేడలు ఆకాశాన్ని తాకుతాయి, ఏ తోటలోనైనా అవే చెట్లు పూస్తాయి. దాన్ని సాక్ష్యంగా తీసుకున్నవాడు నిండా మునుగుతాడు. కాబట్టి ఏ గ్రంథాన్ని ఎంతవరకు నమ్మాలన్నది మొదటి పని. సురవరం పాల్కురికి సోమనాథుడి మీద, క్రీడాభిరామం మీద, కొరవి గోపరాజు ‘సింహాసన ద్వాత్రింశిక’ మీద, ‘శుకసప్తతి’, ‘హంసవింశతి’ల మీద ఎక్కువ బరువు వేస్తారు. సాహిత్య చరిత్రలు రాసినవాళ్ళు వీటిలో కొన్నిటిని తేలిగ్గా దాటేశారు. కవిత్వపు గొప్పతనం ఒకటి, సాక్ష్యంగా పనికిరావడం ఇంకొకటి అన్న తేడాను ఆయన ఎక్కడా మరిచిపోలేదు. నా లెక్కలో ఆ పుస్తకంలోని మొదటి నేర్పు ఇదే.

క్రీడాభిరామాన్నే తీసుకోండి. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధులన్నీ తిరుగుతారు. దారిలో లక్ష్మణవజ్ఝల పూటకూటి ఇల్లు వస్తుంది. కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమపిండితో చేసిన వంట, పంచదార, పెసరపప్పు, అప్పుడే కాచిన ఆవునెయ్యి, అరటిపళ్ళు, నాలుగైదు రకాల నంజుళ్ళు, గడ్డపెరుగు. ఇంత భోజనం ఒక్క రూకకే. రసికుడు ఇక్కడ నోరూరించే పద్యం చదువుతాడు. అదే చోట సురవరం లాంటివాడికి నాలుగు సంగతులు దొరుకుతాయి. ఊళ్ళో డబ్బుకు అన్నం పెట్టే ఇళ్ళున్నాయి. వాటికి పేరు పెట్టి పిలిచేటంత ప్రసిద్ధి ఉంది. భోజనానికి కట్టిన ధర ఉంది. తెలుగు గడ్డ మీద గోధుమ వంటకం మర్యాద భోజనంలో చేరింది. మేడలు ఆకాశాన్నంటాయని రాయడానికి ఏ కవికైనా శాస్త్రం చాలు. భోజనం రూకకు దొరుకుతుందని రాయాలంటే మాత్రం ఊరు తెలిసి ఉండాలి. నమ్మదగిన వాక్యాన్ని నమ్మరాని వాక్యం నుంచి విడదీయడానికి ఇంతకంటే మంచి గీటురాయి నాకు కనపడలేదు.

అయితే ఈ సాక్ష్యం ఏ కాలానిది? కథ కాకతీయుల ఓరుగల్లులో నడుస్తుంది. ప్రతాపరుద్రుడి ఉంపుడుకత్తె మాచల్దేవి ఇల్లు కూడా అందులో వస్తుంది. తెలుగు కావ్యం మాత్రం ఆ రాజ్యం పోయాక రాసినది. దానికి మూలం రావిపాటి త్రిపురాంతకుడి సంస్కృత ‘ప్రేమాభిరామం’. కర్త వినుకొండ వల్లభరాయుడని గ్రంథం చెబుతుంటే, శ్రీనాథుడే రాశాడని వేటూరి ప్రభాకరశాస్త్రి వాదించారు. సురవరం దీన్ని కాకతీయుల ప్రకరణంలోనే వాడుకున్నారు. నేనైతే అక్కడ రెండు మాటలు ఎక్కువ రాసి ఉండాల్సింది అంటాను. కథ కాలానికీ రచన కాలానికీ మధ్య ఉన్న ఎడం ఆ పూటకూటి ఇంటి రూకను కూడా అటో ఇటో జరపగలదు. ఆయన్ని ఎంత మెచ్చుకున్నా ఈ ప్రశ్న అడక్క తప్పదు. ఇలాంటి ప్రశ్నలు అడగడం మనకు నేర్పిందీ ఆయన పుస్తకమే.

విజయనగర ప్రకరణంలో ‘ఆముక్తమాల్యద’ దగ్గర ఇంకా సూక్ష్మమైన పని ఉంది. విష్ణుచిత్తుడి ఇంట్లో అతిథులకు కాలాన్నిబట్టి వడ్డన మారుతుంది. వానాకాలంలో ఒలిచిన పప్పు, పోపు పెట్టిన కూరలు, వడియాలు, వరుగులు. కట్టెలు తడిసిపోయే రోజులు గనుక పొయ్యిలోకి కొబ్బరి చిప్పలు. ఎండాకాలంలో గోరువెచ్చని అన్నం, తియ్యని చారు, పలుచని అంబలి, చెరకుపాలు, లేత కొబ్బరినీళ్ళు, వడపిందెలు, నీళ్ళమజ్జిగ. చలికాలంలో మిరియాలపొడి వేసి చురుక్కుమనే కూరలు, ముక్కుకెక్కే ఆవ పచ్చళ్ళు, వేడి నెయ్యి. రాసినవాడు చక్రవర్తి. కథ జరిగేది శ్రీవిల్లిపుత్తూరులో, అదీ ఎప్పటి కాలంలోనో. తిన్నది వైష్ణవుల పంక్తి. కాబట్టి ‘విజయనగరంలో జనం ఇలా తిన్నారు’ అని రాస్తే తప్పు. ‘ఆ కాలంలో కలిగిన వైష్ణవ కుటుంబం ఆతిథ్యం ఇలా ఉండేదని రాజు ఎరుగును’ అంటే నిలుస్తుంది. వాక్యం బలం తగ్గినా నిజం బలం పెరిగింది. ఇంకొకటి చూడండి. ఈ మూడు విస్తళ్ళలోనూ కారమంతా మిరియాలదీ ఆవాలదే, మిరపకాయ ఎక్కడా లేదు. అమెరికా మొక్క అయిన మిరప పోర్చుగీసువాళ్ళ ఓడల్లో మన తీరానికి చేరింది. ఒక్క కావ్యంలో లేనంత మాత్రాన దేశంలో లేదనలేం. కానీ ఉన్నవాటితోపాటు లేనివాటినీ రాసుకోవడం మంచి చదువరి లక్షణం.

సురవరం బీ.ఎల్. చదివినవారు, ఏళ్ళ తరబడి గోలకొండ పత్రిక నడిపినవారు. ఒక్క సాక్షి మాట మీద తీర్పు చెప్పకూడదన్న పట్టింపు ఆయన రాతలో కనిపిస్తుంది. నైజాం రాజ్యంలో తెలుగు కవులే లేరని ఎవరో అన్నప్పుడు 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చి 354 మంది కవులను అచ్చులో చూపించిన మనిషి ఆయన. మోటుపల్లి రేవు సంగతిలో మనకూ ఆ పట్టింపు పనికొస్తుంది. సముద్ర వ్యాపారులకు అభయమిస్తూ గణపతిదేవుడు 1244లో వేయించిన శాసనం ఉంది. ఆ శతాబ్దం చివర్లో మార్కోపోలో రాసిన మాటలున్నాయి. 1358లో అనవోతారెడ్డి వేయించిన శాసనం ఉంది. శ్రీనాథుడి ‘హరవిలాసం’లో అవచి తిప్పయసెట్టి ఓడల్లో దిగిన సరుకుల పట్టిక ఉంది. సింహళం ఏనుగులు, హురుమంజి గుర్రాలు, భోట కస్తూరి, చీనా పట్టు. కృతి పుచ్చుకున్నవాడిని పొగిడే పద్యం గనుక దాన్ని ఒంటిగా నమ్మలేం. శాసనం పక్కన పెట్టి చదివితే అది అతిశయోక్తి అయినా ఊహ మాత్రం కాదని తేలుతుంది. శాసనానికి సుంకం తెలుసు, వ్యాపారి ఇంటి మర్యాద తెలియదు. యాత్రికుడికి బట్ట నాణ్యం తెలుసు, భాష రాదు. ఒకరికి తెలియనిది ఇంకొకరు చెబుతారు.

ఇక అమరిక. తూర్పు చాళుక్యుల కాలం నుంచి 1907 దాకా పుస్తకం కాలక్రమంలో నడుస్తుంది. ముందు ప్రకరణాలకు రాజవంశాల పేర్లు. తరువాతివి 1600 నుంచి 1757, అక్కడి నుంచి 1857, ఆపైన 1907 అని ఏళ్ళతోనే సాగుతాయి. రాజుల చరిత్ర వద్దనుకున్న పుస్తకానికి రాజుల పేర్లతో గదులు కట్టడం మొదట్లో నాకు వింతగా అనిపించింది. ఆధారాలు దొరికే తీరే అలా ఉంది మరి. కావ్యాలు రాజాస్థానాల చుట్టూ పుట్టాయి. అసలు నేర్పు ప్రకరణం లోపల ఉంది. మతం, వర్తకం, కళలు, భోజనం, బట్టలు, ఆటలు, నమ్మకాలు దాదాపు ప్రతి ప్రకరణంలోనూ మళ్ళీ మళ్ళీ వస్తాయి. వరసగా చదివితే ఒక్కో కాలం కళ్ళకు కడుతుంది. ఆటల భాగాలు మాత్రం ఏరుకుని చదివితే ఆటల చరిత్ర తయారవుతుంది. దీనికి ఆయన చెల్లించిన మూల్యం పునరుక్తి. కోడిపందేల గురించి ఒకచోట చదివింది ఇంకోచోట మళ్ళీ తగులుతుంది. మధ్యలో ఆయన సొంత కోపాలు, ముఖ్యంగా మూఢాచారాల మీద, కథనాన్ని ఆపేస్తాయి. ఆ కోపాలు తీసేస్తే పుస్తకం నున్నగా ఉండేదేమో. కానీ ఎవరు చదువుతున్నారో, ఏ వైపు నిలబడి చదువుతున్నారో మనకు తెలిసేది వాటివల్లనే.

ప్రకరణం చివర ఆయన ముఖ్యాధారాల పట్టిక ఇస్తారు. చాలాచోట్ల ఆ గ్రంథం ఎంత ఉపయోగపడిందో ఒకటి రెండు మాటల్లో చెబుతారు. కావ్యాల్లోని ఆటల పేర్లలో నిఘంటువులు ‘క్రీడావిశేషము’ అని రాసి వదిలేసినవి వచ్చినప్పుడు పల్లెల్లో తన కాలానికీ ఆడుతున్న ఆటలతో పోల్చి చూస్తారు. పోలిక కుదరని చోట అదేమిటో తెలియదని నేరుగా రాసేస్తారు. అలా తెలియదని వదిలిన ఆటల పేర్లు ఆ పేజీల్లో ఇంకా ఉన్నాయి. తెలుగు, చరిత్ర శాఖల్లో పరిశోధనకు విషయం వెతుక్కుంటున్నవాళ్ళు అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు. పాలమూరులోనో పల్నాడులోనో ఆ ఆట పేరు ఎరిగిన ముసలివాళ్ళు ఉండగానే వెళ్ళి అడగాలి.