ఒంటికి ఎత్తును మప్పే దారి

నేపాల్‌లో అన్నపూర్ణ పర్వతాల చుట్టూ సాగే కాలిబాటను కంటికి విందని మాత్రమే పొగిడితే దానికి అన్యాయం చేసినట్టే. బేసీసహర్ వరిమళ్ల దగ్గర మొదలై, మనాంగ్ మీదుగా 5,416 మీటర్ల థొరాంగ్ కనుమ దాటి ముక్తినాథ్‌లో దిగే ఆ దారి, మనిషి ఒంటికి ఎత్తును మప్పే విద్య. కనుమ మీద గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉన్నదాంట్లో సగమే. ఆ కొరతకు ఊపిరీ నెత్తురూ అలవాటు పడాలంటే రోజులు కావాలి. అందుకే మూడు వేల మీటర్లు దాటాక రాత్రి పడక రోజుకు ఐదు వందల మీటర్లకు మించి పెరగనివ్వరు. మనాంగ్‌లో రెండు రాత్రులు ఆగి, పగలు పైకెక్కి, పడుకోవడానికి కిందికి దిగుతారు. తూర్పు నుంచి పడమరకే నడవడంలోనూ ఇదే లెక్క: అటువైపు ఎత్తు మెట్లుమెట్లుగా పెరుగుతుంది, ముక్తినాథ్ వైపు నుంచైతే పదహారు వందల మీటర్లు దాదాపు ఒక్క ఊపున ఎక్కాలి.

ఈ విద్యలో అసలైన ఆచార్యులు భరియాలు, అంటే అక్కడి మోతగాళ్లు. వీపున డోకో బుట్ట, దాని బరువంతా మోసే నుదుటి పట్టీ నామ్లో, చేతిలో టోక్మా అనే పొట్టి కర్ర. అలసట రాకముందే ఆగి, బుట్ట దించకుండా కర్ర మీద ఆనించి, నిలబడే సేదతీరుతారు. ఎంత ముచ్చటైన పనితనం! ఎవరెస్ట్ వైపున్న నామ్చే బజారు దారిలో మోతగాళ్లను తూచి 2005లో సైన్స్ పత్రిక అచ్చువేసిన పరిశోధనలో, మగవాళ్లు మోసే బరువు సగటున తమ ఒంటి బరువులో 93 శాతమని తేలింది. నెమ్మదిగా నడక, తరచుగా విరామం: వాళ్ల కిటుకు ఇదే. 'బిస్తారై, బిస్తారై' (మెల్లగా, మెల్లగా) అని వాళ్లు చెప్పే మాటకు ఇంతకంటే రుజువేం కావాలి? ఏ ఖరీదైన బూట్లూ ఆ నిదానాన్ని నేర్పవు.

ఇప్పుడు రెండు వైపులా జీపులొచ్చాయి. టిబెట్ ఉప్పు, నేపాలీ ధాన్యం చేతులు మారిన పాత బాట మీద దుమ్ము లేస్తోంది. రోడ్డు వల్ల ఆసుపత్రి, బియ్యం ఊరికి దగ్గరయ్యాయంటే కాదనను. కొండవాళ్లను మన వేడుక కోసం కష్టపడమనడం పాపం. కానీ జీపులో మనాంగ్ చేరి మర్నాడే పైకి పరుగెత్తి, 'అన్నపూర్ణ సర్క్యూట్ చేశాం' అనడం నడక కాదు, నడకకు నకలు. ఆ నకలు ప్రాణాలకూ ముప్పే. నడకలో మాత్రం ప్రమాదం లేదా అంటారు. ఉంది. 2014 అక్టోబరు 12న మన విశాఖను కొట్టిన హుద్‌హుద్ తుపాను శేషమే రెండు రోజులకు అక్కడ మంచు తుపానై నలభై మందికి పైగా పొట్టన పెట్టుకుంది. ఆకాశం చూసి ఆగడం కూడా ఈ విద్యలో పాఠమే. తొందర అలవాటైనవాడికి అది ఒంటబట్టదు.

ఈ దారి మనకు పరాయిదేమీ కాదు. మన ఇళ్లలో పూజలందుకునే సాలగ్రామాలు ముక్తినాథ్ దిగువన పారే కాళీగండకి నదివే. ముక్తినాథ్ 108 దివ్యదేశాల్లో ఒకటి. పోఖరాలో విమానమెక్కి జోమ్‌సోమ్‌లో దిగి, అదే రోజు 3,700 మీటర్లు దాటిన గుడికి పెద్దవాళ్లను జీపుల్లో చేరవేసే తెలుగు యాత్రా నిర్వాహకులారా, రెండు రాత్రులు కలపండి. జోమ్‌సోమ్‌లో ఒకటి, కాగ్‌బేనీలో ఒకటి. పితృకార్యాలకు పేరుపడ్డ రేవు కాగ్‌బేనీ; నదిలోయలో పగటిగాలి రేగకముందే, పొద్దున్నే అక్కడికి నడవగలిగినవాళ్లను నడవనివ్వండి.