ఇంటర్నెట్ ఆధారిత టెలిఫోన్ వ్యవస్థల సామర్థ్య అంచనా: సికింద్రాబాద్ రైల్వే నేపథ్యంలో విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఇంటర్నెట్ ఆధారిత టెలిఫోన్లకు ఎంత బ్యాండ్‌విడ్త్ కావాలో నిర్ణయించేటప్పుడు, కాల్స్ సంఖ్యను కోడెక్ వేగంతో గుణించడం సులభమైన పద్ధతి. ఆ పద్ధతిలోని లోపాలను రైల్వే టెలిఫోన్ల నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సామర్థ్యం, బ్యాండ్‌విడ్త్, ఎర్లాంగ్, ప్రవేశ నియంత్రణ, రైల్వే టెలిఫోన్.

1. ఉపోద్ఘాతం:
రైల్వే సిగ్నల్, టెలికాం సిబ్బందికి శిక్షణనిచ్చే ఇరిసెట్ సంస్థ 1957లో సికింద్రాబాద్‌లో ఏర్పడింది. 1966లో ఆవిర్భవించిన దక్షిణ మధ్య రైల్వేకు ఈ నగరమే ప్రధాన కేంద్రం. రైల్వేలకు సొంత టెలిఫోన్ వ్యవస్థ ఉంది. అందులో పాత ఎక్స్ఛేంజీల స్థానంలోకి ఐపీ ఎక్స్ఛేంజీలు వస్తున్న తరుణంలో సామర్థ్య అంచనా ముఖ్యమైన అంశమవుతుంది. రైళ్ల రాకపోకలను నియంత్రించే కంట్రోల్ ఫోన్లు వేరు. కార్యాలయాలనూ స్టేషన్లనూ కలిపే సాధారణ ఫోన్లకే ఈ పరిశీలన పరిమితం.

2. గుణకారంలోని లోపం:
సెకనుకు 2.048 మెగాబిట్ల వేగంగల ఇ1 మార్గంపై పాత విధానంలో ఏకకాలంలో 30 సంభాషణలు సాగుతాయి. జి.711 కోడెక్ వేగం 64 కిలోబిట్లు కాబట్టి, అంతే వేగంగల ఐపీ మార్గంలో 32 సంభాషణలు పడతాయని గుణకారం చెబుతుంది. వాస్తవం వేరు. 20 మిల్లీసెకన్లకు ఒక ప్యాకెట్ చొప్పున పంపితే, 160 బైట్ల స్వరానికి ఐపీ, యూడీపీ, ఆర్‌టీపీ హెడర్లు 40 బైట్లు, ఈథర్‌నెట్ భారం 18 బైట్లు తోడవుతాయి. అప్పుడు ఒక్కో దిశలో సంభాషణకు 87.2 కిలోబిట్లు కావాలి. అంటే పట్టేవి 23 మాత్రమే.

3. ఎర్లాంగ్ సూత్రం – పరిమితి:
డెన్మార్క్ గణితవేత్త ఎ.కె. ఎర్లాంగ్ 1917లో ప్రకటించిన సూత్రం ప్రకారం, రద్దీ గంటలో 20 ఎర్లాంగ్‌ల భారానికి 30 మార్గాలుంటే నూటికి ఒకటికన్నా తక్కువ కాల్స్ విఫలమవుతాయి. 23 ఉంటే నూటికి ఎనిమిదికి పైగా విఫలమవుతాయి. జి.729 కోడెక్‌తో మార్గాల సంఖ్య పెరుగుతుంది గాని స్వరనాణ్యత కొంత తగ్గుతుంది. పైగా, కాల్స్ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వస్తాయన్నది ఈ సూత్రానికి ఆధారం. రైలు ప్రమాదం జరిగిన క్షణాన ఆ ఆధారమే సడలుతుంది. ఒకే కారణం అందరి చేతా ఒకేసారి ఫోన్ చేయిస్తుంది.

4. కొరత ఎవరి పాలు?
పాత విధానంలో 31వ వ్యక్తికి ఎంగేజ్ టోన్ వినిపిస్తుంది. మాట్లాడుతున్న 30 మందికి ఏ అంతరాయమూ ఉండదు. ఐపీ విధానంలో ప్రవేశ నియంత్రణ లేకపోతే 24వ కాల్‌కూ అనుమతి దొరుకుతుంది. అప్పుడు ప్యాకెట్లు కొన్ని ఆలస్యమై, కొన్ని జారిపోయి, 24 మందికీ మాట తెగుతుంది. స్వరానికి ప్రాధాన్యమిస్తే చాలునన్న వాదన ఇక్కడ నిలవదు. ప్రాధాన్యం స్వరాన్ని ఈమెయిల్, వీడియోల ఒత్తిడి నుంచి కాపాడగలదు. తక్కిన స్వరాల ఒత్తిడి నుంచి కాపాడలేదు.

5. ముగింపు:
సామర్థ్య ప్రణాళికలో రద్దీ గంట భారం, హెడర్లతో కలిపిన అసలు వేగం, అనుమతించదగిన కాల్స్ పరిమితి స్పష్టంగా ఉండాలి. ఆపత్సమయంలో ఎవరి కాల్ ముందో కూడా అందులోనే నిర్ణయం కావాలి. ఆ నిర్ణయం లేని ప్రణాళిక ఎంత బ్యాండ్‌విడ్త్ కొన్నా అసంపూర్ణమే.