పేరు తర్వాత పెడదాం

ఈ వారం వెంగళరావు నగర్‌లో ఒక కథా సిట్టింగ్‌లో కూర్చున్నాను. కథ చెప్పిన కుర్రాడికి పని వచ్చు. కానీ స్క్రిప్టులో ఒక్క మనిషికీ పేరు లేదు. హీరో, హీరోయిన్, హీరో ఫ్రెండ్ వన్, విలన్ బామ్మర్ది. "పేర్లేవి నాయనా?" అంటే, "హీరో ఖరారయ్యాక పెడదాం సార్" అన్నాడు. ఆ మాట నాకింకా మింగుడుపడలేదు.

ఎప్పుడూ చెప్పేదే మళ్లీ చెబుతున్నాను. తెలుగు పాత్రకు పేరొక్కటే చాలదు, ఇంటిపేరూ ఊరూ కూడా ఉండాలి. 'పుష్ప' (2021) సంగతే చూడండి. తండ్రి ఇంటిపేరు దక్కనివ్వలేదన్న మంట తీసేస్తే ఆ కూలివాడి పొగరుకు పునాదే ఉండదు. 'సిరివెన్నెల' (1986)లో వేణువు వాయించే అంధుడు హరిప్రసాద్. ఆ వేణువు నిజంగా ఊదింది హరిప్రసాద్ చౌరాసియా. అలాంటి పేరు పెట్టడం నా దృష్టిలో నమస్కారం పెట్టడమే.

ఇంతవరకూ రాసి ముళ్లపూడి వెంకటరమణ గారి దగ్గర ఆగిపోయాను. నా మాట అక్కడ చెల్లలేదు. చిన్నప్పుడు మా అక్క ఆయన 'బుడుగు' బిగ్గరగా చదువుతుంటే ఇల్లంతా చుట్టూ చేరేది. అందులోని పిల్లకు శ్రీకాళహస్తి అమ్మవారి పేరు, శ్రీ జ్ఞానప్రసూనాంబ. బుడుగు నోట్లో పడి సీగానపెసూనాంబ అయింది. తెలుగువాళ్లకు గుర్తున్నది ఆ రెండోదే. ఇక పక్కింటి లావుపాటి పిన్నిగారి మొగుడు! ఆయన అసలు పేరేమిటని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. అయినా ఆయన మా వీధిలోనే ఉంటున్నాడని నమ్మాం. పిలిచేవాడు బుడుగు కావడమే దానికి కారణం.

వెంకటేష్ మహా 'కేరాఫ్ కంచరపాలెం' (2018)లోనూ అంతే. సుందరం, జోసెఫ్, గడ్డం, రాజు అని నాలుగు కథలు చూస్తాం. చివరికి తెలుస్తుంది, నలుగురూ ఒక్కడేనని. వయసు మారింది, చుట్టూ ఉన్నవాళ్లు మారారు, పిలుపూ మారింది.

అందుకే ఇంటిపేరూ ఊరూ ఉండాలన్న నా పాత పట్టు వదిలేస్తున్నాను. రాసే పిల్లలకు నా విన్నపం ఇది. పేర్ల పుస్తకం ముందేసుకోకండి. పొద్దున్నే కృష్ణానగర్‌లో జూనియర్ ఆర్టిస్టులు షూటింగ్‌కు బయల్దేరే వేళ కాసేపు నిలబడి, ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తున్నారో వినండి. మీ మనిషిని తల్లి ఏమని కేకేస్తుంది, బాకీ వసూలుకొచ్చినవాడు ఏమని అరుస్తాడు, మనసిచ్చిన పిల్ల ఏమంటుంది, ఇవి ముందు రాసుకోండి. రేషన్ కార్డులో ఉండే పేరు హీరో డేట్లు దొరికాక పెట్టుకున్నా నష్టం లేదు.