ముందు డ్రాయింగు, ఆ తర్వాతే లెక్కలు

హైస్కూల్లో టైంటేబుల్ వేసే పని ఎవరూ అడిగి తీసుకోరు. బడి తెరిచే ముందు హెడ్మాస్టరు స్టాఫ్‌రూమంతా ఒకసారి కలియజూస్తారు. ఆ చూపు కిందటేడు వేసినవాళ్ల దగ్గరే ఆగుతుంది. నాకు ఈ పని అలాగే అంటుకుంది, ఇంకా వదల్లేదు. సోషల్ చెప్పేవాడికి ఇందులో అంత శ్రమేముందని అనుకునేవాళ్లుంటారు. ఆరు నుంచి పది దాకా ఐదు తరగతులు, తలా రెండు సెక్షన్లు, వారానికి ఆరు రోజులు, రోజుకు ఎనిమిది పీరియడ్లు. మొత్తం 480 గళ్లు. ఏ గడిలోనూ ఒకే టీచరు రెండు చోట్ల కనిపించకూడదు. ఎవరికీ వరసగా ఐదు పీరియడ్లు పడకూడదు. క్లాస్ టీచరు హాజరు వేయాలి కాబట్టి మొదటి పీరియడు ఆ తరగతిలోనే ఉండాలి.

కొత్తగా ఈ పనికి కూర్చున్నవాళ్లు ముందు లెక్కలు, సైన్సు, ఇంగ్లిషు ఉదయం గళ్లలో నింపేస్తారు. ముఖ్యమైనవి ముందు పడాలి కదా అని. తీరా సాయంత్రం గళ్లకొచ్చేసరికి బడి మొత్తానికీ ఒక్కరే ఉన్న పీఈటీకి ఒకే గంటలో మూడు సెక్షన్లు పడతాయి. కంప్యూటర్ గది ఒక్కటే, రెండు తరగతులు దాని తలుపు ముందు నిలబడతాయి. వారంలో మూడు రోజులే వచ్చే పార్ట్‌టైం డ్రాయింగు ఇన్‌స్ట్రక్టరు రాని రోజున డ్రాయింగు పీరియడు ఉంటుంది. అప్పుడు నింపిందంతా చెరపాలి.

చేయి తిరిగినవాళ్లు తిరగేసి మొదలుపెడతారు. బడిలో ఏది ఒక్కటే ఉందో దానికి ముందు చోటు వేస్తారు: ఒక్క పీఈటీ, ఒక్క ల్యాబు, ఒక్క డ్రాయింగు సారు, ఒక్క ఒకేషనల్ ట్రైనరు. బస్సు కిటికీలోంచి తువాలు వేసి సీటు ఆపుకున్నట్టు ఆ గళ్లు ముందే ఆపేయాలి. లెక్కలకు ఇద్దరు టీచర్లుంటారు, వాళ్లను ఎటైనా జరపొచ్చు. కాబట్టి లెక్కలు తర్వాత. మార్కుల వరసలో ఆఖరున ఉన్నవి కాగితం మీద మొదట పడతాయన్నమాట. ఈ తలకిందుల వరస నాకు మొదట్లో పనిలో ఒక కిటుకులాగే తోచింది. ఏళ్లు గడిచేకొద్దీ, ఒక కోర్సును ఎలా ప్లాన్ చేయాలన్న ప్రశ్నకు జవాబు చాలావరకు ఇందులోనే ఉందని నమ్మకం కుదిరింది.

ఒక సెక్షనుకు వారానికి 48 పీరియడ్లు. నేను వేసే పంపకం ఇంచుమించు ఇలా ఉంటుంది: తెలుగు ఆరు, హిందీ నాలుగు, ఇంగ్లిషు ఏడు, లెక్కలు ఎనిమిది, ఫిజికల్ సైన్సు ఐదు, బయాలజీ నాలుగు, సోషల్ ఆరు. కూడితే 40. ఇది కోర్. పదో తరగతిలో ఆరు సబ్జెక్టులకు 600 మార్కులూ ఇక్కడివే. మిగిలిన ఎనిమిదిలో ఆటలు, డ్రాయింగు, లైబ్రరీ, కంప్యూటరు, ఒకేషనల్ కోర్సు సర్దుకోవాలి. పిల్లవాడికి ఎంచుకునే వీలంటూ ఉంటే ఈ ఎనిమిదిలోనే.

కోర్‌లో ఏముండాలో తేల్చేవాళ్లు పైన ఉన్నారు. ఉదాహరణకు తెలంగాణలో 2018లో చట్టం తెచ్చి, అన్ని బోర్డుల బడుల్లోనూ పదో తరగతి దాకా తెలుగు తప్పనిసరి చేశారు. ఎలెక్టివ్ సంగతి వేరు. టైలరింగు ఉంటుందా, సంగీతం ఉంటుందా అన్నది ఆ ఏడు ఎవరికి బదిలీ అయింది, ఎవరి కాంట్రాక్టు పొడిగించారు అన్నదాన్ని బట్టి తేలుతుంది. కోర్‌ను చట్టసభ నిర్ణయిస్తుంది, ఎలెక్టివ్‌ను బదిలీ ఉత్తర్వు నిర్ణయిస్తుంది.

ఈ బాధ ఈనాటిది కాదు. 1952-53లో ముదలియార్ కమిషన్ హైస్కూలు చదువును ఏడు పాయలుగా విడదీయమంది: హ్యుమానిటీస్, సైన్సు, సాంకేతికం, వాణిజ్యం, వ్యవసాయం, లలితకళలు, గృహవిజ్ఞానం. పిల్లలు ఎవరి మొగ్గును బట్టి వాళ్లు ఎంచుకోవచ్చు. అందుకోసం దేశమంతటా మల్టీపర్పస్ హైస్కూళ్లు తెరిచారు. కొన్ని పాత బడుల బోర్డుల మీద ఆ పేరు ఇంకా కనిపిస్తుంది. బడులైతే లేచాయి కానీ, వ్యవసాయమో వడ్రంగమో బడి పద్ధతిలో చెప్పగల టీచర్లు దొరకలేదు. వాళ్లను తయారు చేయడానికి 1963లో అజ్మీర్, భోపాల్, భువనేశ్వర్, మైసూరుల్లో ప్రాంతీయ విద్యా కళాశాలలు పెట్టారు. మైసూరు కళాశాల మన దక్షిణాది కోసం. అంటే కోర్సులు ప్రకటించిన పదేళ్లకు, వాటిని చెప్పేవాళ్లకు శిక్షణ ఇచ్చే చోటు వచ్చింది. ఈలోగా గాలి మారింది. 1964-66 కొఠారి కమిషన్ అంత చిన్న వయసులో దారులు విడదీయొద్దంది. పదేళ్లు అందరికీ ఒకే సామాన్య విద్య, ఆ తర్వాతే ప్రత్యేక శాఖలు అంది. మనం అనుసరిస్తున్న పది, ఆపైన రెండు అన్న మెట్లు అక్కడివే.

ఇప్పుడు మళ్లీ ఎంపిక వైపు మొగ్గుతున్నాం. 2020 జాతీయ విద్యావిధానం ఆర్ట్సు, సైన్సు అన్న గోడలు ఉండకూడదంది. 2023 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం తొమ్మిది, పది తరగతులకు పది సబ్జెక్టులు చెప్పింది. మూడు భాషలు, లెక్కలు, సైన్సు, సోషల్‌తో పాటు కళలు, వ్యాయామం, వృత్తివిద్య, పలు శాస్త్రాలు కలిసే అంశం. చదివితే ముచ్చటగా ఉంటుంది. నేను మాత్రం పెన్సిలు పట్టుకుని చదువుతాను: పది సబ్జెక్టులు సరే, పీరియడ్లు 48 దగ్గరే ఉన్నాయి. టీచర్లు?

ఎంపిక ఇవ్వడమంటే ఎంత ఖర్చో గళ్లు నింపేవాడికే బాగా తెలుస్తుంది. తొమ్మిదో తరగతి ఎ, బి సెక్షన్ల పిల్లలు టైలరింగు, ఐటీ, డ్రాయింగుల్లో ఒకటి ఎంచుకోవచ్చు అన్నామనుకోండి. రెండు సెక్షన్లనూ ఒకే గంటలో విడదీయాలి. ఆ గంటకు ముగ్గురు టీచర్లు, మూడు గదులు ఖాళీగా ఉండాలి. సెక్షన్లు రెండే అయినా మనుషులు ముగ్గురు. ఒక్క సెక్షనుతో, ముప్పై మంది పిల్లలతో నడిచే బడిలో ఇది జరగదు. అక్కడ ఐచ్ఛికం అని రాసిన చోటల్లా నిజానికి తప్పనిసరే, ఉన్న ఒక్క కోర్సే అందరూ చేస్తారు. మా బోటి బడులకు దొరికిన దారి ఒకటుంది. పీరియడు ఒకటే, టీచరు ఒక్కరే, దాని లోపల పిల్లలు ఎంచుకునే పని మాత్రం వేరు.

మా ఊరి చెరువు మీద నడిపిన కోర్సు అలాంటిదే. దాన్ని కూడా ముందు అంకెల్లోనే ఆలోచించాను. వారానికి రెండు పీరియడ్లు, ఏడాదికి 220 పనిదినాలంటే ఇంచుమించు 36 వారాలు. మొత్తం 72 పీరియడ్లు, సగటున 40 నిమిషాల చొప్పున 48 గంటలు. అందులోంచి పరీక్షలు, సైన్సు ఫెయిరు, మీటింగులు తీసేస్తే ముప్పై గంటలు చేతికొస్తే అదృష్టం. 2023 జాతీయ క్రెడిట్ చట్రం లెక్కలో ముప్పై గంటలంటే సరిగ్గా ఒక క్రెడిట్. కాబట్టి ముప్పై గంటల్లో పిల్లల చేతికి ఏం రావాలో ముందు రాసుకుని, అక్కడి నుంచి వెనక్కి నడిచాను. కొందరు తూము, అలుగు, కట్ట గుర్తించి పటం గీశారు. కొందరు ఆయకట్టు ఎన్ని ఎకరాలో, ఎవరి పొలానికి నీళ్లు ముందు పారతాయో అడిగి రాశారు. ఒకప్పుడు తూము తీసి నీళ్లు వదిలిన నీరటి కుటుంబం ఇంటికి కొందరు వెళ్లారు. వానాకాలంలో, ఎండాకాలంలో నీటిమట్టం కొలిచే పని ఒక జట్టు తీసుకుంది. పటానికి జాగ్రఫీ కావాలి, ఎకరాలను గుంటల్లోకి మార్చడానికి లెక్కలు కావాలి, పెద్దవాళ్లు చెప్పింది రాయడానికి తెలుగు కావాలి. కోర్‌లో నేర్చుకున్నది ఇక్కడ పనికొచ్చింది. పుస్తకం కొత్తది కొనలేదు. ఏడాది చివర గ్రామ పంచాయతీలో పిల్లలే చూపించడానికి పటం ఒకటి మిగిలింది.

ఒక తల్లి అడిగిన మాట మాత్రం ఈ ఉత్సాహానికి ఎప్పుడూ పగ్గం వేస్తూనే ఉంటుంది. ఆమె ఇంట్లో మిషను కుడుతుంది. బిడ్డ తొమ్మిదిలో టైలరింగు తీసుకుందని తెలిసి వచ్చింది. "సారూ, కుట్టుడు నేర్వనీకి బడికి తోలాల్నా? అది నేనే నేర్పుత. మీరు లెక్కలు మంచిగ చెప్పుండ్రి" అంది. "అమ్మా, రెండూ చెప్తాం" అన్నాను. అన్నానే గానీ, ఆమె భయం చిన్నది కాదు. ఉన్నవాళ్ల బడిలో ఎలెక్టివ్ అంటే రోబోటిక్స్. మా బడిలో అది కుట్టు. ఎంపిక పేరుతో పిల్లల్ని మళ్లీ తల్లిదండ్రుల పనిలోకే పంపిస్తున్నామా అని అడిగే హక్కు ఆమెకుంది. ఆ భయానికి విరుగుడు కోర్‌ను గట్టిగా కాపాడటమే. కుట్టు నేర్చుకున్న పిల్లకి వారానికి ఎనిమిది పీరియడ్ల లెక్కలూ పూర్తిగా అందాలి. అప్పుడే ఆమె కుట్టు ఎంచుకుందని అనగలం.

అసలైన ఎంపిక ఇంటర్‌లో కదా అంటారు. అక్కడ కాగితం మీద గ్రూపులు చాలానే ఉన్నాయి. ఊళ్లో ఉన్న కాలేజీలో మాత్రం ఎంపీసీ, బైపీసీ, దయతలిస్తే సీఈసీ. హెచ్‌ఈసీ అడిగితే ఆఫీసులో వింతగా చూస్తారు. సెకండ్ లాంగ్వేజ్ ఎంచుకోమంటే ఎక్కువమంది మార్కులు బాగా పడతాయని సంస్కృతం రాస్తారు, ఇష్టపడి కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025-26 నుంచి లెక్కలూ జీవశాస్త్రమూ కలిపి చదివే ఎంబైపీసీకి దారి తెరిచారు. పదిహేనేళ్లకే ఇంజనీరా, డాక్టరా అని తేల్చుకోమనే ఒత్తిడి దానితో కాస్త సడలితే మంచిదే. ఒకవైపు వెళ్లినవాడు వెనక్కి రాగలిగేలా ఉంటేనే ఎంపికకు అర్థం.

ఎలెక్టివ్‌కు అసలు శత్రువు బడిలోనే ఉంటుంది, అది అరువు. "సారూ, మీ డ్రాయింగు పీరియడు ఇవాళ నాకివ్వండి, సిలబస్ కాలేదు" అని లెక్కల సారు అంటారు. ఆయనదీ అన్యాయం కాదు, పది ఫలితాలకు జవాబు చెప్పాల్సింది ఆయనే. డిసెంబరు దాటాక ఆ ఎనిమిది పీరియడ్లూ పదో తరగతి రివిజన్లో కలిసిపోతాయి. టెక్సాస్‌లో స్థిరపడిన మన కుటుంబాల పిల్లల ప్లాను చూస్తే ఈ తేడా తెలుస్తుంది. అక్కడ హైస్కూలు గట్టెక్కడానికి కనీసం 22 క్రెడిట్లు కావాలి. వాటిలో ఐదు ఎలెక్టివ్‌లు. లలితకళలకు ఒక క్రెడిట్, వ్యాయామానికి ఒకటి విడిగా ఉన్నాయి. అవి లేనిదే పట్టా రాదు కాబట్టి ఆ గంటను ఎవరూ అప్పు అడగరు. మనకు అంత బలం ఇచ్చే నిబంధన లేదు. అందుకని మా బడిలో చిన్న కట్టుబాటు ఒకటి పెట్టుకున్నాం: పీరియడు తీసుకుంటే అదే వారంలో మీ పీరియడొకటి తిరిగివ్వాలి, స్టాఫ్‌రూం రిజిస్టరులో రాయాలి. రాయాలనగానే అడిగేవాళ్లు సగానికి తగ్గారు.

కొత్త సబ్జెక్టు ఏదైనా పెడదామని ఎవరైనా వస్తే నేను అడిగేవి నాలుగే. ఎవరు చెబుతారు, ఆయనకు బదిలీ అయితే ఎవరు? ఏ గదిలో? ఏ పీరియడులో, ఎవరూ లాక్కోకుండా? నచ్చకపోతే పిల్లవాడు వచ్చే ఏడు మారగలడా? నాలుగింటికీ జవాబుంటే ఆ కోర్సు ఒక్కటైనా చాలు. లేకుంటే ప్రాస్పెక్టసులో పది పేర్లున్నా పిల్లలకు అందేది ఏమీ ఉండదు.

తల్లిదండ్రులు కూడా ఈ పని చేయొచ్చు. బడికి వెళ్లినప్పుడు ర్యాంకుల చార్టుతో పాటు తరగతి టైంటేబుల్ కూడా చూపించమనండి. ఆటలు, బొమ్మలు, చేతిపని ఏ రోజు ఏ పీరియడులో ఉన్నాయో రాసుకోండి. కిందటి వారం అవి నిజంగా జరిగాయా అని మాత్రం ఇంటికొచ్చి పిల్లల్ని అడగండి.