ఒంగోలు గిత్త, బండలాగుడు విద్య

కాడి కట్టిన ఎడ్ల జత నిర్ణీత సమయంలో రాతిబండను ఎంత దూరం లాగగలదో తేల్చే పోటీయే బండలాగుడు. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల పల్లెల్లో సంక్రాంతికి మొదలైన ఈ సందడి వేసవి తిరునాళ్ల దాకా సాగుతుంది. గోడపత్రికల మీద ‘వృషభరాజముల బలప్రదర్శన’ అని పెద్దక్షరాలతో అచ్చు వేస్తారు. చూడవచ్చిన జనం కళ్లు బండ మీద ఉంటాయి, తెలిసినవాళ్లు మాత్రం కాళ్లు చూస్తారు. బండను కదిలించే బలం చాలా పశువులకు ఉంటుంది. కదిలిన బండను పది నిమిషాలు, ఇరవై నిమిషాలు అడుగు తడబడకుండా నడిపించే దమ్ము కొన్నింటికే ఉంటుంది. ఆ దమ్ములో ఒంగోలు జాతికి సాటి లేదని ఈ ప్రాంత రైతు వాదిస్తాడు. బరి పక్కన ఒక పూట నిలబడి చూస్తే ఆ మాట కాదనడం కష్టం.

ఈ జాతికి పుట్టినిల్లు ఒంగోలు, అద్దంకి, కొండపి, కందుకూరు చుట్టుపక్కల నేల. గుండ్లకమ్మ, పాలేరు, మూసి, మన్నేరు పారే ప్రాంతం. పుట్టుపూర్వోత్తరాల విషయంలో ఎవరి కథ వారిది. ఉత్తరాది నుంచి ఆర్యులతో వచ్చిందని కొందరు, గుళ్లలోని నందులను చూపించి ఇక్కడిదేనని కొందరు అంటారు. అది తేలే సంగతి కాదు. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. అందుకే ఆ కాలంలో సముద్రం దాటిన పశువు నెల్లూరు పేరుతోనే వెళ్లింది, బ్రెజిల్‌లో నేటికీ దాన్ని నెలోర్ అనే పిలుస్తారు.

ఈ గిత్తను తీర్చింది నల్లరేగడి. వాన పడితే కాలు దిగబడేంత బంక, ఎండితే నెర్రెలు. ఆ నేలలో లోతుగా అరక తోలాలంటే బరువైన పశువు కావాలి, తెల్లవారుజాము నుంచి ఎండెక్కేదాకా ఆగకుండా నడిచే పశువు కావాలి. పత్తి వేసిన రైతు ఇంట పత్తిగింజలు, జొన్న వేసిన రైతు ఇంట చొప్ప, మెట్ట చేలల్లో ఉలవలు దొరికేవి. వాటి మీద పెరిగిన దూడల్లో మేలైనదాన్ని ఏరి, పెద్దల పేరిట అచ్చు వేసి, ఊరికి ఆంబోతుగా వదిలేవారు. అది ఎవరి చేలో మేసినా కొట్టేవారు కాదు. ఊరి ఆవులన్నిటికీ అదే పోతు. ఏ పశుసంవర్ధక శాఖా లేని రోజుల్లో పామర రైతులు తరతరాలుగా చేసిన ఎంపిక అది. నేటి శాస్త్రం చేస్తున్న పనిని పుస్తకం లేకుండా చేసి చూపించిన ఘనత వారిది.

మంచి గిత్త రూపం దగ్గరగా చూడదగ్గది. తెల్లటి పొట్టి వెంట్రుకల కింద నల్లటి చర్మం. తల, మెడ, మూపురం దగ్గర బూడిద ఛాయ. కాటుక దిద్దినట్టు నల్లటి కంటి రెప్పలు, నల్లటి ముట్టె, మోకాళ్ల మీద నల్లటి మచ్చలు. పొట్టి మొద్దు కొమ్ములు. మెడ కింద మడతలు మడతలుగా వేలాడే గంగడోలు. ఇదంతా అందానికే అనుకుంటే పొరపాటు. తెల్లటి వెంట్రుక ఎండను తిప్పికొడుతుంది, వదులైన చర్మం, గంగడోలు ఒంటి వేడిని బయటికి పంపుతాయి. చెమట పట్టే గ్రంథులు విదేశీ పశువుకంటే ఈ జాతికి ఎక్కువ. ఏప్రిల్ ఎండలో జెర్సీ పశువు నాలుక బయటపెట్టి రొప్పే వేళకు ఒంగోలు గిత్త నోరు మూసుకుని నడుస్తుంది. మూపురం కాడికి ఆనే గోడ. మూపురం సరిగా లేని పశువుకు కాడి నిలవదు, జారి మెడను కోస్తుంది.

ఇక విద్య విషయం. అన్నిటికంటే కష్టమైంది జత కూర్చడం. రెండు గొప్ప గిత్తలను పక్కపక్కన కడితే గొప్ప జత కాదు. ఎత్తు సరిపోవాలి, లేకపోతే కాడి ఒకవైపు ఒరిగి బరువంతా పొట్టిదాని మెడ మీద పడుతుంది. అడుగు సరిపోవాలి, ఒకటి బారుగా, ఒకటి పొట్టిగా వేస్తే బండ వంకరగా పోతుంది. అన్నిటికీ మించి గుణం సరిపోవాలి. కుడివైపు కట్టేది వలపటి ఎద్దు, ఎడమవైపుది దాపటి ఎద్దు. ఒక వైపు అలవాటైన పశువును రెండోవైపు కడితే పది అడుగులకే తెల్లబోతుంది. పౌరుషం ఎక్కువ ఉన్నదాని పక్కన నెమ్మదస్తుణ్ణి కట్టి, రెండింటి అడుగూ కలిసేలా చేయడం అనుభవజ్ఞుల పని. పేరున్న పెంపకందారులు రెండు, మూడు సంతలు తిరిగి దూడను కొనేది దాని కోసం కాదు, ఇంట్లో ఉన్న రెండోదాని కోసం.

మేపు మరో విద్య. ఉలవలు ఉడకబెట్టి, పత్తిగింజలు నానబెట్టి రుబ్బి, తవుడు కలిపి పెడతారు. ఆ ఉలవలు ఉడికిన నీళ్లే ఇంట్లోవాళ్లకు ఉలవచారు. ఎద్దు తిన్నాక మిగిలింది మనిషి తిని, దాన్ని పెళ్లి విందుల్లో వడ్డించే స్థాయికి తెచ్చిన ప్రాంతం ఇది. చొప్ప నరికి వేళకు వేయడం, కొవ్వు పట్టనివ్వకుండా కండ పట్టించడం పాలేరు చేతి నేర్పు. కోడెను ముందు ఖాళీ కాడితో నడిపిస్తారు, తర్వాత దుక్కిలో, ఆ తర్వాత చిన్న బండతో. చెరువులో ఈదించడం ఊపిరికి మంచి సాధన. ఏడాది సాధనలో బండ లాగే రోజులు తక్కువ, నడిచే రోజులు ఎక్కువ. ఈ లెక్క తారుమారు చేసిన పెంపకందారు గిత్త ఒక్క తిరునాళ్లకే పేరు తెచ్చి, మరుసటి ఏడాదికి కుంటుతుంది.

పోటీలో విభాగాలు పళ్లను బట్టి ఉంటాయి. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన జూనియర్లు, సీనియర్లు. విభాగం పెరిగేకొద్దీ బండ బరువు పెరుగుతుంది. పెద్ద విభాగాల్లో టన్ను దాటుతుంది. దూరాన్ని అడుగుల్లో, చివర అంగుళాల్లో కొలుస్తారు. ఒక్క అంగుళంలో మొదటి బహుమతి రెండోదైన సందర్భాలకు బరి దగ్గర కొదవ లేదు, వాటి మీద తగాదాలకూ కొదవ లేదు.

నిశ్చలంగా ఉన్న బండను కదిలించడానికి కావలసిన బలం, కదిలాక లాగడానికి కావలసినదానికంటే ఎక్కువ. కాబట్టి ఆగిన ప్రతిసారీ జత ఆ అదనపు బలాన్ని మళ్లీ పెట్టాలి. నేర్పరి తోలకందారు మొదటి నిమిషంలో ఎవరి ఈలలకూ లొంగడు. జతను తన అడుగులో పడనిచ్చి, మలుపు దగ్గర ముందే పగ్గం సవరించి, బండ ఊపు చావకుండా తిప్పుతాడు. పరుగుతో మొదలైన జత సగం సమయం గడిచేసరికి బరి మధ్యలో నిలబడిపోతుంది. నడకతో మొదలైన జత దాని గుర్తును దాటి వెళ్లిపోతుంది. మేటి తోలకందారు చేతిలో చర్నాకోల ఉన్నా గాలిలోనే చప్పుడు చేస్తుంది. అతని పని గొంతుతో. ‘హోయ్’ అన్న ఒక్క కేకకు రెండు మెడలు ఒక్కసారి వంగి, నాలుగు వెనక కాళ్లు ఒక్కసారి నేలలో నాటుకోవడం చూసినవాళ్లు ఆ బరిని మరిచిపోరు.

ఈ రక్తాన్ని ప్రపంచం ఊరికే పొగడలేదు, పట్టుకెళ్లింది. 1960ల మొదట్లో కరవది గ్రామం పేరుతో బ్రెజిల్ చేరిన గిత్త అక్కడి మేటి నెలోర్ వంశాలకు మూలపురుషుడైంది. 2023లో అక్కడ వయాటినా-19 అనే నెలోర్ ఆవుకు 40 లక్షల డాలర్లకు మించిన విలువ పలికి గిన్నిస్‌కెక్కింది. అమెరికా బ్రాహ్మన్ జాతిలో నెల్లూరు రక్తం ఉంది. ఆ బ్రాహ్మన్‌ను షార్ట్‌హార్న్‌తో కలిపి టెక్సస్‌లోని కింగ్ రాంచ్ శాంటా గెర్ట్రూడిస్ అనే కొత్త జాతినే తయారుచేసింది. ఇండోనేసియాలో సుంబా ద్వీపంలో పెరిగిన ఒంగోలు మంద, జావా పశువులతో కలిసిన పెరనకన్ ఒంగోలు నేటికీ ఉన్నాయి. అయితే ఇక్కడ ఒక మాట అనక తప్పదు. బ్రెజిల్ వాడు మాంసం కోసం బరువు పెంచాడు. నడక అతనికి అక్కర్లేదు. దమ్మును కాపాడవలసినవాళ్లు ఈ రేగడి మీదివాళ్లే.

సంకరమే తప్పని కాదు. గుర్రాల్లో దూరప్రయాణపు పోటీలకు అరబ్బీ గుర్రాన్ని మోర్గన్‌తో కలిపి, అరబ్బీ ఊపిరికి మోర్గన్ ఎముక బలం జోడించినవాళ్లు ఉన్నారు. అక్కడ కలిపింది ఒకే పనికి పనికొచ్చే రెండు జాతులను. ఇక్కడ పాల కోసం జెర్సీ వీర్యం ఊరూరా చల్లి, కాడికీ ఎండకీ పనికిరాని కోడెలను మిగిల్చారు. పాలు చివరికి గేదెల నుంచే వచ్చాయి. ఎంత ఘోరమైన లెక్క!

ఆ గుర్రాల పోటీల నుంచి నేర్చుకోవలసింది మరొకటుంది. కాలిఫోర్నియాలో 1955లో మొదలైన టెవిస్ కప్ నూరు మైళ్ల పరుగులో దారిలో పశువైద్యులు ఆపి గుండె కొట్టుకునే వేగం చూస్తారు. అది కిందికి దిగని గుర్రం అక్కడే ఆగిపోతుంది. ముందు వచ్చినవాటిలో ఎక్కువ ఆరోగ్యంగా ఉన్న గుర్రానికి వేరే కప్పు ఉంది. మన బరిలో ఏముంది? దూరం కొలిచే టేపు ఉంది. రక్తం వచ్చేలా కొట్టినవాడి జతకూ, గొంతుతో నడిపినవాడి జతకూ ఆ టేపు ఒకటే కొలత చెబుతుంది. జంతుహింస పేరిట 2014లో సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబండి పందేలను ఆపినప్పుడు పల్లెలు భగ్గుమన్నాయి. 2023లో అదే కోర్టు తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రల సవరణ చట్టాలను సమర్థించింది. కోపం సరే, ముల్లుకర్ర పట్టుకున్న చేతిని బరి నుంచి గెంటేయని నిర్వాహకులు కోర్టును ఏ మొహంతో తిడతారు?

అసలు దెబ్బ బరిలో కాదు, కొట్టంలో తగిలింది. ట్రాక్టరు వచ్చి అరకను తీసేసింది. జొన్న పోయి పత్తి, మిరప, పొగాకు నిలిచాయి, చొప్ప పోయింది. బీళ్లలో జామాయిల్, సుబాబుల్ లేచాయి, మేత పోయింది. లక్షలు పోసి గిత్తను కొని ముంగిట కట్టుకునేవాళ్లు దొరుకుతున్నారు. ఆ గిత్తను కన్న ఆవును మేపేవాడు దొరకడం లేదు. ఊరి కూడలిలో సిమెంటు గిత్తకు ఏటా రంగు వేయించే పెద్దలు ఆ ఆవుకు ఒక మోపు చొప్ప వేశారా? ఆవు లేకుండా గిత్త ఎక్కడి నుంచి వస్తుంది? పైగా మూపురం లేని సంకర కోడెను ‘ఒంగోలు జాతి’ అని సంతలో అంటగట్టే బేరగాళ్లు ఒకవైపు, దాన్ని చూసి చప్పట్లు కొట్టే జనం మరోవైపు.

గుంటూరు పక్కన లాంలో, ప్రకాశం జిల్లా చదలవాడలో ఈ జాతి కోసమే ప్రభుత్వ పశుక్షేత్రాలు ఉన్నాయి. మేలైన ఆంబోతుల వీర్యం ఊరి ఆసుపత్రికి చేరాలి. తిరునాళ్ల కమిటీలు బండలాగుడు బహుమతి సొమ్ములో సగం తీసి, దూడతో ఉన్న పాడి ఒంగోలు ఆవుల ప్రదర్శనకు పెట్టాలి. పోటీ ముగిసిన పావుగంటకు పశువైద్యుడు గుండె వేగం చూసి, తగ్గని జత దూరాన్ని కొట్టేయాలి. ఈ మూడింటికీ కొత్త చట్టం అక్కర్లేదు, చివరి రెండింటికి కమిటీ తీర్మానం చాలు.