రెండు వెల్లుల్లి రెబ్బల కోసం: ఒక ముందుమాట

వంటల పుస్తకాలకు తెలుగులో కరువు లేదు. ఏ కూరకు ఏ పోపో, ఏ ఊరగాయకు ఎంత ఉప్పో చెప్పేవారు బోలెడు మంది. ఉల్లిపాయల దగ్గరకు వచ్చేసరికి మాత్రం అందరూ ‘సన్నగా తరిగి పెట్టుకోవాలి’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. వంటింటి చాకిరీలో సగం ఆ తరగడంలోనే ఉంది. ఎవరు తరుగుతున్నారు, దేనితో, ఆ చేతులకు ఏమవుతోంది అన్న సంగతి పట్టించుకుని, వంటింటి పనిముట్ల గురించి ఓపిగ్గా రాసిన పుస్తకం ఇది. రచయిత్రి నాకు చిన్నప్పటి నుంచి తెలిసిన అమ్మాయి. అయినా అడిగిందని మొహమాటానికి రాస్తున్నది కాదిది. రాతప్రతి ఆసాంతం చదివి, మెచ్చి రాస్తున్నాను.

కత్తిపీట, సన్నికల్లు మొదలుకొని వెట్ గ్రైండర్ దాకా ఇందులో అన్నీ ఉన్నాయి. నేను ఎక్కువసేపు ఆగింది ఛార్జింగ్ పెట్టి వాడుకునే చిన్న చాపర్ గురించిన ప్రకరణం దగ్గర. కొనాలా వద్దా అని ఎంతోమంది నన్నే అడుగుతున్న వస్తువు అది. అరచేతిలో ఇమిడే గిన్నె, పావు లీటరు పట్టేది. లోపల మూడు రెక్కల బ్లేడు. మూతలోనే మోటారూ, బ్యాటరీ. పైన ఒక బటన్. మిక్సీ మోటారు 500 నుంచి 750 వాట్లు ఉంటే, ఈ చిన్నవాటిలో చాలావరకు 30, 50 వాట్ల మధ్యే. ఈ ఒక్క తేడా మనసులో పెట్టుకుంటే దీని మంచీ చెడూ రెండూ వాటంతట అవే అర్థమవుతాయని రచయిత్రి మొదటి పేరాలోనే చెప్పింది. నిజం.

మంచి ముందు చెప్పుకుందాం. రెండు వెల్లుల్లి రెబ్బలు, అంగుళం అల్లం ముక్క మిక్సీ జారులో వేసి చూడండి. ఒక్క తిప్పుకే అవి జారు గోడలకు ఎగిరి అతుక్కుంటాయి, కింద బ్లేడు ఒట్టిగా తిరుగుతూ ఉంటుంది. గరిటెతో కిందకు తోసి మళ్లీ తిప్పాలి, ఆ పిసరు ముద్ద కోసం అంత జారూ కడగాలి. చిన్న చాపర్ పుట్టింది సరిగ్గా ఈ పని కోసం. పెసరట్టు మీదకు ఉల్లి, అల్లం, పచ్చిమిర్చి తరుగు, ఉప్మాలోకి గుప్పెడు క్యారెట్, పళ్లు లేని పెద్దవారికి మెత్తగా ఉడికిన కూరముక్కల తరుగు. ఇలాంటివన్నీ క్షణాల్లో అయిపోతాయి. పిల్లలు దూరాన ఉండి, ఇద్దరే మిగిలిన ఇళ్లలో వంట కొలతలే మారిపోయాయి. ఆ కొలతకు ఇది సరిపోతుంది. వేసవిలో కరెంటు పోయినా వంట ఆగదు. అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఇంకో వెసులుబాటు కూడా ఉంది. ఇక్కడి మిక్సీ 230 వోల్టులది, అక్కడి ఇళ్లలో వచ్చేది 120. ఫోన్ ఛార్జర్‌తో 5 వోల్టుల మీద ఛార్జయ్యే చాపర్‌ అక్కడా ఇక్కడా ఒకేలా పనిచేస్తుంది.

ఇక ఉల్లిపాయ సంగతి. ఈ పుస్తకంలో నాకు అన్నిటికంటే నచ్చిన పేజీ అదే. ఉల్లిపాయను నాలుగు చెక్కలు చేసి వేయాలి, గిన్నె సగానికి మించి నింపకూడదు. బటన్ మీద వేలు ఆనించి వదిలేయాలి. మళ్లీ ఆనించాలి, మళ్లీ వదలాలి. వదిలిన ప్రతిసారీ పైనున్న ముక్కలు బ్లేడు మీదకు దిగుతాయి. నాలుగైదుసార్లకు కూరకు తగ్గ తరుగు వస్తుంది. అలా కాక నొక్కి పట్టుకుంటే అడుగున ముద్దా, పైన పెద్ద ముక్కలూ మిగులుతాయి. ఆ ముద్దలో నీరూరుతుంది. నూనెలో వేస్తే ఆ నీరంతా ఇగిరేదాకా ఉల్లి వేగదు, ఉడుకుతుంది. ఎంతసేపు తిప్పినా ఎరుపెక్కదు. ‘చాపర్‌లో వేస్తే కూర రుచి పోతోంది’ అనేవారి ఫిర్యాదుకు కారణం చాలాసార్లు ఇదే. కొత్తిమీర, పుదీనా కడిగిన వెంటనే వేసినా ఇదే గతి. గుడ్డ మీద ఆరబెట్టి వేస్తే పొడిపొడిగా తెగుతాయి. కూర చెడితే వస్తువును తిట్టడం సులువు. ఈ అమ్మాయి తిట్టకుండా కారణం వెతికింది. ఆ ఓపికకు నా జోహారు.

చేయలేని పనులు కూడా దాచకుండా రాసింది. ఎండుకొబ్బరి, పసుపు కొమ్ములు, ఎండుమిర్చి దీని దగ్గరకు తేకూడదు. మోటారు ఆగిపోతుంది, గిన్నెకు గీతలు పడతాయి. రోటి పచ్చడి దీనితో రాదు. రోట్లో పొత్రం కింద దొండకాయ ముక్క నలిగి పులుసూ కారమూ పీల్చుకుంటుంది, బ్లేడు కింద తెగి ఊరుకుంటుంది. తెగిన ముక్కకు ఆ రుచి పట్టదు. గోదావరి జిల్లాల పనసపొట్టుకు బరువైన కత్తే కావాలి, ఆవకాయ ముక్కకు టెంకతో సహా నరికే కత్తే కావాలి. పదిమందికి వంట ఉన్న రోజున పావు లీటరు గిన్నెతో కూర్చుంటే పొద్దుగూకుతుంది, కత్తిపీటే నయం.

అసలు లోపం బ్యాటరీ. లిథియం అయాన్ బ్యాటరీ మార్కెట్లోకి వచ్చింది 1991లో. దాన్ని రూపుదిద్దిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2019లో నోబెల్ ఇచ్చారు. వైరు లేని ఈ సుఖమంతా వారి చలవే. కానీ ఆ బ్యాటరీకి ఆయుష్షు ఉంది. కొన్ని వందలసార్లు ఛార్జ్ చేశాక దాని సత్తువ తగ్గుతుంది. పొయ్యి పక్కన వేడిలో ఉంచితే ఇంకా త్వరగా తగ్గుతుంది. చవక చాపర్లలో బ్యాటరీని మూతలోపలే బిగించేస్తారు, విప్పి మార్చే వీలుండదు. గిన్నె బాగుంటుంది, బ్లేడు పదునుగానే ఉంటుంది, బ్యాటరీ పోయిందని అంతా పారేయాలి. రోలు మూడు తరాలు నడిచిన ఇళ్లు మనవి. మూడేళ్లకు చెత్తలోకి పోయే వస్తువును ఇంట్లోకి తెచ్చుకోవడం నాకు మింగుడుపడదు. వాడేసిన బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదేనని 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. మన ఊళ్లలో అవి ఇంకా తడిచెత్తతో కలిసే పోతున్నాయి. దయచేసి అలా పారేయకండి. పగిలి నలిగితే అవి నిప్పు రాజేస్తాయి.

కడగడం గురించి ఒక్క మాట. మూతను నీళ్లలో ముంచకూడదు, తడిగుడ్డతో తుడవాలి. గిన్నెలోంచి ముందు బ్లేడు తీసి పక్కన పెట్టాకే తరుగు వంచుకోవాలి. తరుగులో కూరుకుపోయిన బ్లేడు కంటికి కనపడదు, వేలు తెగేది అప్పుడే. పసిపిల్లలున్న ఇంట్లో బ్లేడును గిన్నెలో వదిలి ఉంచవద్దు.

రచయిత్రితో నాకు ఒక్కచోట భేదం ఉంది. నలుగురికి మించి ఉన్న ఇంటికి ఇది దండగ అని ఆమె తీర్పు. ఆ ఇంట్లో కీళ్లవాతంతో వేళ్లు ముడుచుకోని నాయనమ్మ ఉంటే? కత్తి పిడి బిగించి పట్టుకోలేక, తన పప్పులోకి తాను ఉల్లిపాయ తరుక్కోలేక, కోడలు ఎప్పుడు ఖాళీ అవుతుందా అని కూర్చునే మనిషి ఆమె. వేలితో బటన్ నొక్కితే తన పని తాను చేసుకోగలుగుతుంది. ఒక చేయి పడిపోయినవారికీ అంతే. అలాంటివారికి మాత్రం ఇది ఎంత పెద్ద కుటుంబంలోనైనా ఉండవలసిందే. మలికూర్పులో ఈ మాట చేర్చమని అమ్మాయిని కోరుతున్నాను.

పాఠకులకు నా మనవి. కొట్టుకు వెళ్లినప్పుడు రంగు, డబ్బా చూసి కొనకండి. బ్యాటరీ మార్చే వీలుందా, బ్లేడు విడిగా దొరుకుతుందా అని రెండు ప్రశ్నలు అడగండి. రెండింటికీ లేదన్న జవాబే వస్తే వెనక్కి తిరిగి వచ్చేయండి. పదిమంది అలా తిరిగి వస్తే తయారుచేసేవారు వింటారు. ఇంత శ్రద్ధగా రాసిన రచయిత్రికి నా ఆశీస్సులు. ఈ పుస్తకాన్ని అలమరలో దాచకుండా వంటింట్లోనే పెట్టుకోండి.